అన్నీ అడుగు దూరంలో ఉంటే.. బండితో పనేముంది?

* ఇల్లు వెతికేటప్పుడు అద్దెతో పాటు నడక దూరాన్నీ లెక్కించాలి
* చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ చెబుతున్న పాఠం
* కాలిబాట లేకుంటే దగ్గరైనా దూరమే

చిక్కడపల్లి, ప్రతినిధి: గేటుకు ‘టు లెట్’ బోర్డు కనిపిస్తే చాలు.. అద్దెకు వచ్చేవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. అద్దె ఎంత? అడ్వాన్సు ఎన్ని నెలలది? నీళ్లు ఏ వేళకు వస్తాయి? బండి పెట్టుకునేందుకు చోటుందా? ఇక్కడి నుంచి కూరగాయల దుకాణానికి ఎంతసేపు నడవాలి, బస్టాపుకు వెళ్లే దారిలో రోడ్డు ఎన్నిచోట్ల దాటాలి అని అడిగేవారు మాత్రం అరుదు. ఇంట్లో దిగిన నెల రోజులకు గానీ ఆ ప్రశ్నల విలువ తెలియదు. పాల ప్యాకెట్టు కోసం, మందుబిళ్ల కోసం బండి తీయాల్సి వచ్చినప్పుడు, బండి లేనివారైతే ప్రతి చిన్న పనికీ ఆటో కోసం ఎదురుచూడాల్సి వచ్చినప్పుడు తక్కువ అద్దె ఇల్లే ఖరీదైన ఇల్లుగా మారుతుంది.

చదువుల కోసమో, కొలువుల కోసమో, పిల్లల దగ్గర ఉండేందుకో జిల్లాల నుంచి హైదరాబాదు చేరేవారిలో చాలామందికి సొంత వాహనం ఉండదు. ఉన్నా నగర రద్దీలో నడపగలమన్న ధైర్యం ఉండదు. అలాంటి వారు ఇల్లు ఎక్కడ తీసుకోవాలి? ఏం చూసి తీసుకోవాలి? ఈ ప్రశ్నలకు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలు చక్కని ఉదాహరణగా నిలుస్తున్నాయి. బండి లేకుండా బతకడం ఇక్కడ ఎందుకు సాధ్యమవుతోందో, ఎక్కడ కష్టమవుతోందో తెలుసుకుంటే మరే బస్తీలో ఇల్లు చూసినా అదే కొలతతో కొలవవచ్చు.

గది.. మెస్సు.. గ్రంథాలయం

గ్రూప్స్, సివిల్స్ వంటి పోటీ పరీక్షల శిక్షణకు అశోక్‌నగర్ పెట్టింది పేరు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి చదువుకునే అభ్యర్థుల్లో ఎక్కువ మంది పల్లెల నుంచి వచ్చినవారే. వారి దినచర్యను గమనిస్తే ‘నడకకు అనువైన బస్తీ’ అంటే ఏమిటో ఇట్టే అర్థమవుతుంది. ఉదయం గది నుంచి నగర కేంద్ర గ్రంథాలయానికి, అక్కడి నుంచి శిక్షణ తరగతికి, మధ్యాహ్నం మెస్సుకు, సాయంత్రం పుస్తకాల దుకాణానికో జిరాక్సు సెంటరుకో, రాత్రి మళ్లీ గదికి. రోజంతా తిరిగినా సందు దాటి సందులోకి వెళ్లడమే తప్ప వాహనం అవసరం పడదు. వాహనం కొనలేని కుర్రవాడు కూడా ఇక్కడ ఎవరికీ తీసిపోకుండా చదువుకోగలుగుతున్నాడంటే అందులో ఈ దగ్గరితనానికీ వాటా ఉంది.

అభ్యర్థులకే కాదు.. సంసారులకూ ఇక్కడ కావలసినవి చేరువలోనే ఉన్నాయి. చిక్కడపల్లిలో వేంకటేశ్వరస్వామి ఆలయం, సంగీత, సాహిత్య సభలకు వేదికైన త్యాగరాయ గానసభ ఉన్నాయి. నారాయణగూడలో కేశవ స్మారక విద్యాసంస్థలు, 1954లో ప్రారంభమైన రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి మహిళా కళాశాల, కుక్కకాటుకు టీకాలు వేసే నివారణ వైద్య సంస్థ (ఐపీఎం) ఉన్నాయి. పక్కనే బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రాంనగర్‌లో చేపల మార్కెట్ ఉన్నాయి. ఇటు దోమలగూడ వైపు వెళితే 76 ఎకరాల ఇందిరా పార్కు. సినిమాకు వెళ్లాలంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్. ఇవన్నీ ఒకదానికొకటి నడిచి చేరదగ్గ దూరంలో ఉండడమే ఈ ప్రాంతపు బలం.

ఇక్కడే ఎందుకు కుదిరింది?

ఇది ఎవరో గీత గీసి కట్టిన కాలనీ కాదు. కింద కొట్టు, పైన కాపురం అన్నది ఇక్కడి పాత పద్ధతి. పెంకుటిళ్లు, మేడలు పోయి అపార్టుమెంట్లు వచ్చినా ఆ పద్ధతి పోలేదు. జనం దగ్గరదగ్గరగా నివసిస్తున్నందువల్ల ప్రతి సందు మొగలోనూ ఒక కిరాణా కొట్టు, ఒక మందుల షాపు, ఒక ఇస్త్రీ బండి, ఒక టిఫిన్ సెంటరు నిలదొక్కుకోగలుగుతున్నాయి. కొట్టుకు గిరాకీ నడిచి వస్తుంది. గిరాకీ ఉన్నందువల్ల కొట్టు నిలుస్తుంది. కొట్టు ఉన్నందువల్ల జనానికి బండి తీసే పని తప్పుతుంది. ఈ మూడూ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి.

నగర శివార్లలో వెలసిన కొత్త వెంచర్లలో ఈ గొలుసు తెగిపోతుంది. విశాలమైన ప్లాట్లు, వెడల్పాటి రోడ్లు ఉంటాయి. ఇళ్లు పలుచగా ఉన్నందువల్ల చిన్న కొట్టు నడవదు. సరుకుల కోసం కిలోమీటర్ల దూరంలోని పెద్ద దుకాణానికి వెళ్లాల్సిందే. అక్కడ వాహనం సౌకర్యం కాదు, తప్పనిసరి. ఇంట్లో ఒకే బండి ఉండి దాన్ని యజమాని ఆఫీసుకు తీసుకుపోతే మిగిలినవారు సాయంత్రం దాకా గడప దాటలేరు.

ప్రపంచంలోనూ ఇప్పుడు ఇదే చర్చ సాగుతోంది. చదువు, సరుకులు, వైద్యం, ఉద్యానం వంటి నిత్యావసరాలన్నీ ఇంటి నుంచి 15 నిమిషాల నడకలోనో, సైకిల్ దూరంలోనో ఉండాలన్న ‘15 నిమిషాల నగరం’ భావనను ఫ్రాన్సులో ఆచార్యుడైన కార్లోస్ మోరెనో 2016లో ప్రతిపాదించారు. 2020లో పారిస్ మేయర్ ఎన్నికల్లో ఆన్ హిడాల్గో దానినే ప్రధాన హామీగా ప్రజల ముందుంచారు. చిక్కడపల్లి వాసులకు ఆ పేరు కొత్త కావచ్చు గానీ ఆ బతుకు కొత్త కాదు.

రెండు బస్టాండ్ల నడుమ..

బండి లేనివారికి నడక ఒక కాలైతే, బస్సు, రైలు రెండో కాలు. ఈ విషయంలోనూ ఈ ప్రాంతానికి అనుకూలత ఉంది. జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) వరకు సుమారు 11 కిలోమీటర్ల మెట్రో మార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైంది. జేబీఎస్ పరేడ్ గ్రౌండ్, సికింద్రాబాద్ వెస్ట్, గాంధీ ఆసుపత్రి, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్, ఎంజీబీఎస్.. ఇవీ ఈ మార్గంలోని తొమ్మిది స్టేషన్లు.

జిల్లాల వారికి ఇందులో ఉన్న సౌలభ్యం గమనించదగ్గది. కరీంనగర్, సిద్దిపేట వైపు నుంచి బస్సులో వచ్చి జేబీఎస్‌లో దిగినవారికి చిక్కడపల్లి ఐదో స్టేషను. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి ఎంజీబీఎస్‌లో దిగినవారికి మూడో స్టేషను. మధ్యలో మారే పని లేదు. గాంధీ ఆసుపత్రికి వెళ్లాలన్నా ఇదే మార్గం. మాదాపూర్, రాయదుర్గం వైపు ఐటీ కొలువులకు వెళ్లేవారు పరేడ్ గ్రౌండ్ వద్ద, మియాపూర్, ఎల్బీనగర్ వైపు వెళ్లేవారు ఎంజీబీఎస్ వద్ద రైలు మారాలి. అయితే తెల్లవారుజామున నాలుగు గంటలకు బస్సు దిగేవారికి మెట్రో అందుబాటులో ఉండదు. వారు సిటీ బస్సుపైనో, ఆటోపైనో ఆధారపడక తప్పదు.

మహిళలకు మరో వెసులుబాటు ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. బస్సు టికెట్టు ఖర్చు లేనప్పుడు ఇంటికీ బస్టాపుకూ మధ్య దూరమే అసలు ఖర్చుగా మిగులుతుంది. బస్టాపు నడక దూరంలో లేకుంటే అక్కడిదాకా వెళ్లే ఆటోకు చెల్లించే సొమ్ముతో ఉచిత ప్రయాణం ఫలం కాస్తా హరించుకుపోతుంది.

అద్దె లెక్క వేరు.. ఖర్చు లెక్క వేరు

నగరం నడిబొడ్డున అద్దెలు ఎక్కువన్నది నిజం. అందుకే చాలామంది శివారు వైపు చూస్తారు. అయితే అద్దె ఒక్కటే చూసి నిర్ణయానికి రావడం సరికాదు. అద్దెకు రాకపోకల ఖర్చును కూడా కలిపి చూడాలి.

ఉదాహరణకు.. ఒక వ్యక్తికి శివారులో గది అద్దె నెలకు రూ.6 వేలు, కొలువు ఉన్నచోటికి నడక దూరంలో రూ.9 వేలు అనుకుందాం. తేడా రూ.3 వేలు. శివారు నుంచి రోజుకు రానూపోనూ 25 కిలోమీటర్లు ద్విచక్ర వాహనంపై తిరగాలి. లీటరుకు 45 కిలోమీటర్లు వస్తుందనుకున్నా రోజుకు అర లీటరుకు పైగా పెట్రోలు కావాలి. హైదరాబాదులో లీటరు పెట్రోలు ధర 2021 జూన్‌లోనే వంద రూపాయలు దాటింది. ఈ లెక్కన రోజుకు సుమారు రూ.60, నెలకు 25 పనిదినాలకు రూ.1,500. బండి వాయిదా రూ.2,500, సర్వీసింగు, బీమా, పంక్చర్ల కింద రూ.500 కలిపితే మొత్తం రూ.4,500. అద్దెలో మిగిలిన రూ.3 వేలు పోను చేతి నుంచి పడేది మరో రూ.1,500.

కాలం లెక్క దీనికి అదనం. రోజుకు గంట చొప్పున రోడ్డుపై గడిపితే నెలకు 25 గంటలు. పోటీ పరీక్షకు చదివే అభ్యర్థికైనా, పిల్లల చదువు చూసుకోవాల్సిన తల్లిదండ్రులకైనా ఈ గంటలు తిరిగి రావు.

అలాగని దగ్గరి ఇల్లే ఎప్పుడూ లాభమని చెప్పలేం. నలుగురు సభ్యుల కుటుంబానికి రెండు పడక గదుల ఇల్లు కావాల్సి వస్తే అద్దెలో తేడా మూడు వేలతో ఆగకపోవచ్చు. బండి వాయిదాలు తీరిపోయినవారి లెక్క వేరుగా ఉంటుంది. ఇంట్లో ఇద్దరు ఉద్యోగులుండి ఒకరు ఉత్తరానికి, మరొకరు దక్షిణానికి వెళ్లేవారైతే మధ్యలోని మెట్రో స్టేషనును ఆధారం చేసుకోవాలి. ఎవరి అంకెలు వారు వేసుకోవాలి. అంకెలు వేయకుండా అడ్వాన్సు చెల్లించడమే పొరపాటు.

పది నిమిషాల కొలత

‘అన్నీ దగ్గరే సార్’ అన్నది ఇల్లు చూపించే ఏజెంటు నోట సాధారణంగా వినిపించే మాట. ఆ దగ్గర ఎంత దగ్గరో కాళ్లతో కొలుచుకోవాలి. ఆరోగ్యవంతుడైన మనిషి మామూలు నడకతో పది నిమిషాల్లో సుమారు 700 నుంచి 800 మీటర్లు వెళ్లగలడు. వృద్ధులకు, చంటిపిల్లను ఎత్తుకున్నవారికి అదే సమయంలో 500 మీటర్లు గగనం.

రోజూ అవసరమయ్యే పాలు, కూరగాయలు, కిరాణా సరుకులు ఐదు నిమిషాల నడకలో ఉండాలి. బస్టాపు లేదా మెట్రో స్టేషను, బడి, మందుల షాపు, సాధారణ వైద్యుడు పది నిమిషాల్లో ఉండాలి. బ్యాంకు, గ్రంథాలయం, పార్కు, గుడి వంటివి పదిహేను, ఇరవై నిమిషాల్లో ఉన్నా ఇబ్బంది లేదు. రోజుకు రెండుసార్లు వెళ్లే చోటుకూ, నెలకోసారి వెళ్లే చోటుకూ ఒకే కొలత పనికిరాదు.

సెల్‌ఫోను పటంలో చూపే దూరాన్ని పూర్తిగా నమ్మరాదు. పటంలో 300 మీటర్లే కనిపించవచ్చు. మధ్యలో డివైడరుకు కంచె ఉంటే, నాలా అడ్డు వస్తే, చుట్టూ తిరిగి వెళ్లేసరికి అది కిలోమీటరు అవుతుంది. నడక ఆరోగ్యానికీ మేలన్నది తెలిసిందే. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు మితమైన వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకు రానూపోనూ పాతిక నిమిషాలు వడివడిగా నడిచి ఆరు రోజులు పనులు చక్కబెట్టుకుంటే ఆ కోటా పూర్తవుతుంది.

దగ్గరున్నంత మాత్రాన చాలదు

చిక్కడపల్లి బలం దగ్గరితనమైతే, బలహీనత కాలిబాట. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి నారాయణగూడ వరకు ప్రధాన రహదారి మధ్యలో మెట్రో స్తంభాలు నిలిచాయి. ఇరువైపులా దుకాణాలు, వాటి ముందు నిలిపిన వాహనాలు, తోపుడు బండ్లు. పాదచారి చివరికి రోడ్డు మీదికే దిగాల్సి వస్తోంది. కొనేవారూ నడిచి వచ్చినవారే, తోపుడు బండి బతుకూ నడిచేవారి మీదే. వ్యాపారికీ, పాదచారికీ ఇద్దరికీ చోటు మిగలాలంటే నిలిపిన వాహనాల సంగతి ముందు తేలాలి.

కాలిబాట ఎలా ఉండాలన్న దానిపై నిబంధనలు లేకపోలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం అడ్డంకులు లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగుల వెడల్పు ఉండాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు మించరాదు. ఎత్తు ఎక్కువైతే వృద్ధులు ఎక్కలేరు, దిగలేరు. అందుకే ఎత్తయిన కాలిబాట ఉన్నచోట కూడా జనం రోడ్డుపైనే నడుస్తుంటారు.

దీని పర్యవసానం అంకెల్లో కనిపిస్తుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులు. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు. అడ్డంకులు లేని కాలిబాటను వినియోగించుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది. మార్గదర్శకాలు రూపొందించి అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ వరకు నిర్మించిన ఉక్కు వంతెన 2023 ఆగస్టు 19న ప్రారంభమైంది. మాజీ హోం మంత్రి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టిన ఈ వంతెన ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వద్ద మెట్రో మార్గం కంటే పైనుంచి వెళుతుంది. పైన వెళ్లే వాహనాలకు కూడళ్ల వద్ద ఆగే పని తప్పింది. కింద రోడ్డు దాటాల్సిన మనిషికి మాత్రం వంతెనతో ఒరిగేది తక్కువ. అతడికి కావలసింది జీబ్రా గీత, ఎర్రదీపం, దాటేందుకు చాలినంత సమయం. ఒక ప్రాంతంలో వంతెనలు ఎన్ని ఉన్నాయని కాక, నేల మీద దాటే చోట్లు ఎన్ని ఉన్నాయని చూడాలని చెప్పేది ఇందుకే.

చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. రద్దీ రహదారిని దాటేందుకు మెట్రో స్టేషన్లను వాడుకోవచ్చు. టికెట్టు కొనకుండానే ఒకవైపు మెట్లో, లిఫ్టో ఎక్కి రెండోవైపు దిగవచ్చు. పిల్లలతో, సామాన్లతో ఉన్నవారికి ఇది సురక్షిత మార్గం.

సినిమా రాత్రులు.. పరీక్షల రోజులు

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్లకు ప్రసిద్ధి. పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు ఈ కూడలి జనసంద్రమవుతుంది. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప-2’ ప్రదర్శన సందర్భంగా సంధ్య థియేటర్ వద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. హాళ్లకు ఆనుకుని ఉన్న సందుల్లో ఇల్లు తీసుకునేవారు ఇలాంటి రాత్రుల్లో ఇంటికి చేరే మరో దారి ఉందో లేదో చూసుకోవాలి. ఇందిరా పార్కు పక్కనున్న ధర్నా చౌక్‌లో సభలు జరిగే రోజుల్లోనూ ఆ వైపు బస్సులను మళ్లించే అవకాశం ఉంటుంది. నడిచేవారికి అప్పుడు అంతగా ఇబ్బంది ఉండదు గానీ బస్సు పట్టుకోవాల్సినవారు ముందుగా బయలుదేరాలి.

వానొస్తే దారి ఉంటుందా?

ఎండాకాలంలో ఇల్లు చూసి వానాకాలంలో చిక్కుల్లో పడేవారు ఎందరో. హుస్సేన్‌సాగర్ మిగులు నీటిని మూసీకి చేర్చే నాలా అశోక్‌నగర్ మీదుగానే వెళుతుంది. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వర్షం కురిసినప్పుడు సాగర్ దిగువ బస్తీలు జలమయమయ్యాయి. అందుకే నాలాకు దగ్గరి ఇళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. కింది అంతస్తు గది చవగ్గా వస్తోందంటే కారణం అడిగి తెలుసుకోవాలి. గోడలపై పాత నీటి మరకలను గమనించాలి. ఎదురింటి వారినీ, మూలమీది కొట్టు యజమానినీ అడిగితే ఏజెంటు చెప్పని సంగతులు బయటపడతాయి.

చదువుకునే పిల్లల తల్లిదండ్రులు మరో విషయం మరచిపోరాదు. 2024 జులై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజేందర్ నగర్‌లో శిక్షణ కేంద్రం సెల్లార్‌లోని గ్రంథాలయంలోకి వాన నీరు పోటెత్తి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు మరణించారు. అది కూడా అశోక్‌నగర్ వంటి శిక్షణ కేంద్రాల అడ్డాయే. చదువుకునే గది సెల్లార్‌లో ఉందా, బయటికి రెండో దారి ఉందా అన్నది నడక దూరం కంటే ముందు చూడాల్సిన అంశం.

ఎవరి నడక వారిదే

ఒకే వీధి అందరికీ ఒకేలా ఉండదు. యువకుడికి పది నిమిషాల దారి, మోకాళ్ల నొప్పులున్న తల్లికి అరగంట. మధ్యలో కూర్చునేందుకు ఒక అరుగైనా, చెట్టు నీడైనా ఉంటేనే ఆమె గడప దాటుతుంది. కొడుకు బండి తీస్తే తప్ప బయటికి వెళ్లలేని స్థితి వృద్ధులను ఇంటికే బందీలను చేస్తుంది. గుడికో, పార్కుకో, గానసభలో కచేరీకో తమంతట తాము వెళ్లి రాగలిగితే ఊరు వదిలి వచ్చామన్న బెంగ సగం తీరుతుంది.

రాత్రి తొమ్మిదింటికి తరగతి ముగించుకుని హాస్టలుకు వెళ్లే అమ్మాయికి దూరం కన్నా వెలుతురు ముఖ్యం. పది గంటల దాకా కొట్లు తెరిచి ఉండే వీధి కొంచెం చుట్టయినా మేలు. అడ్డదారి దగ్గరే కావచ్చు. వీధి దీపాలు లేకుంటే అది దారి కింద లెక్క కాదు. చిన్నపిల్లలు బడికి నడిచి వెళ్లాలంటే దారిలో పెద్ద రోడ్డు దాటే పని లేకుండా చూసుకోవాలి. వీల్‌చైరు వాడేవారైతే ఇంటి గేటు నుంచి బస్టాపు దాకా ఒక్క మెట్టు కూడా అడ్డురాని దారి ఉందేమో స్వయంగా వెళ్లి పరిశీలించాలి.

బండి అసలే వద్దనుకోవడమూ సరికాదు. అర్ధరాత్రి ఆసుపత్రి, గ్యాస్ స్టవ్వు మరమ్మతు, బియ్యం బస్తా, చుట్టాల పెళ్లి.. ఇవన్నీ నడకతో జరిగేవి కావు. అలాంటి అవసరాలకు ఆటో, క్యాబు ఉండనే ఉన్నాయి. నెలకు నాలుగైదుసార్లు వాటికి చెల్లించినా సొంత వాహనం పోషణ కంటే తక్కువే అవుతుంది. ఇంటిదాకా ఆటో రాగలదా, అంబులెన్సు తిరగగలదా అన్నది మాత్రం ముందే చూసుకోవాలి. చిక్కడపల్లి వంటి పాత బస్తీల్లో కొన్ని సందులు అంత ఇరుకు.

అడ్వాన్సు ఇచ్చే ముందు..

* ఇంటిని పగలు ఒకసారి, రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి చూడండి. వీలైతే వాన కురిసిన మర్నాడు మరోసారి వెళ్లండి.
* ఇంటి గుమ్మం నుంచి పాల కేంద్రం, కూరగాయల దుకాణం, మందుల షాపు, బస్టాపు, బడికి స్వయంగా నడిచి గడియారం చూసుకోండి.
* దారిలో ఎన్నిసార్లు రోడ్డు దాటాల్సి వస్తోందో, అక్కడ సిగ్నలు ఉందో లేదో లెక్కించండి.
* మీతో ఉండబోయే వృద్ధులను, పిల్లలను ఆ దారిలో ఒకసారి నడిపించి చూడండి. వారు నడవలేకుంటే ఆ ఇల్లు మీకు దగ్గర కానట్లే.
* బస్టాపులో పావుగంట నిలబడి మీకు కావలసిన వైపు బస్సులు ఎన్ని వస్తున్నాయో గమనించండి.
* అద్దె, కరెంటు, నీటి చార్జీలతో పాటు నెలవారీ రాకపోకల ఖర్చును కలిపి కాగితంపై వేయండి. రెండు, మూడు ఇళ్లను అలా పోల్చండి.
* మీకు బండి లేకుంటే పార్కింగు చార్జీ అద్దెలో కలిపారేమో అడగండి. వాడని చోటుకు డబ్బు కట్టనవసరం లేదు. తగ్గించమని కోరవచ్చు.
* వీధి కుక్కలు, తెరిచిన మ్యాన్‌హోళ్లు, తవ్వి వదిలేసిన గుంతల సంగతి చుట్టుపక్కల వారిని అడిగి తెలుసుకోండి.

జిల్లా కేంద్రాలకూ ఇదే పాఠం

ఈ కొలతలు హైదరాబాదుకే పరిమితం కావు. జిల్లా కేంద్రాలు, మున్సిపాలిటీలు ఇప్పుడు నాలుగు దిక్కులా విస్తరిస్తున్నాయి. ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో వెంచర్లు వెలుస్తున్నాయి. గజం ధర తక్కువని అక్కడ ఇల్లు కట్టుకున్నవారు బడికి, బజారుకు, ఆసుపత్రికి ప్రతిసారీ బండి తీయాల్సిందే. మరోవైపు పాత బజారు, బస్టాండు చుట్టుపక్కల వీధుల్లో నేటికీ అన్నీ నడక దూరంలోనే ఉన్నాయి. ఆ వీధుల్లో మురుగు కాలువపై మూతలు వేసి, దీపాలు పెట్టి, నడిచేందుకు ఆరడుగుల దారి వదిలితే చాలు. కొత్తగా నగరాన్ని కట్టే ఖర్చు ఉండదు.

చిక్కడపల్లి చెబుతున్నదీ అదే. ఇక్కడ కొట్టు, బడి, గుడి, గ్రంథాలయం దగ్గరగా ఉండడం తరతరాల జనావాసం ఇచ్చిన ఆస్తి. వాటి మధ్య మనిషి నిర్భయంగా నడిచేందుకు కాస్త చోటు వదలడం అధికారుల బాధ్యత. ఆ చోటు ఉందో లేదో చూసుకుని ఇల్లు ఎంచుకోవడం మాత్రం అద్దెకు దిగేవారి చేతిలో ఉంది. తాళం చెవి అందుకునే ముందు ఒక్కపూట చెప్పులు అరిగేలా తిరిగితే, తర్వాత ఏళ్ల తరబడి జేబు అరగకుండా ఉంటుంది.